తిరిగి పంపనివాళ్ళకి కూడా ఏటా క్రిస్మస్ కార్డు పంపాలా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం), నవంబరు 30

మా ఇంట్లో ఈ మధ్యాహ్నం నుంచి ఒకటే వాదన, ఎంతకీ తేలక ఇక్కడికి తెచ్చాను. మా అత్తగారు ఏటా క్రిస్మస్‌కి ఇంట్లోనే కార్డులు చేసి పోస్టులో పంపేవారు. ఆవిడ పోయాక ఆ పని నేను అందుకున్నాను, ఇది ఏడో ఏడు. నిరుడు యాభై ఎనిమిది పంపితే జవాబుగా వచ్చినవి పదకొండు. మా ఆయన ఈవేళ చర్చి నుంచి రాగానే అత్తగారి అడ్రసుల నోట్‌బుక్ ముందేసుకుని, మూడేళ్ళుగా ఒక్క కార్డూ పంపనివాళ్ళ పేర్లు ఎర్ర పెన్నుతో కొట్టేయడం మొదలుపెట్టారు. నేను చూసి ఆపేసరికి పద్నాలుగు పేర్లు పోయాయి.

ఆయన చెప్పేదాంట్లో అబద్ధం లేదు. స్టాంపులకే 290 రూపాయలు, చార్టులు, కవర్లు, రంగులు వేరే, పైగా వారం రోజుల సాయంత్రాలు. అందిందని ఫోనైనా చెయ్యనివాళ్ళ కోసం నడుం నొప్పి తెచ్చుకోవడం దేనికి అంటారు.

కానీ మా అత్తగారు ఎలా చేసేవారో చెబితే నా బాధ మీకు అర్థమవుతుంది. పాత ఎక్స్‌రే ఫిల్ములోంచి కత్తిరించిన నక్షత్రం ముక్క ఒకటి ఉండేది, అది ఇప్పటికీ నా దగ్గర ఉంది. మడిచిన తెల్ల చార్టు మీద దాన్ని పెట్టి, పాత టూత్‌బ్రష్‌ని నీలం పోస్టర్ కలర్‌లో ముంచి, దువ్వెన పళ్ళ మీద గీస్తే రంగు సన్నటి తుంపరగా పడుతుంది. ముక్క ఎత్తేస్తే తెల్ల నక్షత్రం, చుట్టూ రాత్రి ఆకాశం. బ్రష్‌లో నీళ్ళు ఎక్కువైతే టప్పున పెద్ద చుక్క పడి కార్డు పాడవుతుంది, అందుకని ముందు న్యూస్‌పేపరు మీద రెండుసార్లు విదిలించాలి. రంగు ఆరేలోపు ఆవిడ ఆ కార్డు ఎవరిదో అనుకుని, వాళ్ళింట్లో ఎవరెలా ఉన్నారో నన్ను అడిగేవారు. నాకు తెలియకపోతే ఫోన్ చేసి కనుక్కోమనేవారు. ఆ సంగతి తెలిసేదాకా లోపల ఒక్క ముక్క రాసేవారు కాదు. "చిన్నోడి కాలు కట్టు విప్పారా?" అని ఉండేది కార్డులో, "హ్యాపీ క్రిస్మస్" కింద. అలాంటి పుస్తకంలో ఎర్ర గీతలు పడుతుంటే నేను చూడలేకపోయాను. మీరైతే ఏం చేస్తారు?

గంటస్తంభం (విజయనగరం), నవంబరు 30

మీ ఆయన్ని తప్పుపట్టలేను మేడమ్. మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం ఎందుకు రాస్తారు? వాళ్ళింట్లో కార్యం వచ్చినప్పుడు మనం మర్చిపోకూడదని. ఇచ్చిపుచ్చుకోవడం ఉంటేనే చుట్టరికం నిలుస్తుంది, ఒకవైపు నుంచే నడిస్తే అది ఎక్కువ కాలం సాగదు. మూడేళ్ళు చూశారు కదా, అది చాలా ఎక్కువ. మా నాన్నగారు కూడా మూడు లాంతర్ల దగ్గర షాపులో కట్టలు కట్టలు గ్రీటింగ్ కార్డులు కొని పంపేవారు. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ కార్డులు అందుకున్నవాళ్ళలో ఒక్కరూ రాలేదు. ఆ ఏడాది నుంచి మా ఇంట్లో కార్డులు ఆపేశాం. ఇప్పుడు మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో డిసెంబరు 24 రాత్రి ఒక మెసేజ్ పెడతాను, అందరికీ అదే క్షణంలో చేరుతుంది, ఎవరు చూశారో కూడా తెలుస్తుంది.

బొబ్బిలి కోడలు, డిసెంబరు 1

గంటస్తంభం గారూ, మీ నాన్నగారి విషయం చదివి బాధ కలిగింది. కానీ చదివింపులతో పోలిక ఒప్పుకోను. చదివింపు డబ్బు, దానికి లెక్క ఉంటుంది. "కాలు కట్టు విప్పారా" అని అడిగిన మాటకి లెక్క ఏం కడతారు?

మేం క్రైస్తవులం కాదు. మా నాన్నతో కలిసి పనిచేసిన ఒక మాస్టారి దగ్గర నుంచి మా పుట్టింటికి ఏటా క్రిస్మస్ కార్డు వస్తుంది. మేం ఎన్నడూ తిరిగి కార్డు పంపలేదు, ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు. కానీ సంక్రాంతికి మా అమ్మ అరిసెలు, జంతికలు స్టీలు డబ్బాలో పెట్టి వాళ్ళింటికి పంపిస్తుంది. ఆ మాస్టారు కూడా ఇలాంటి నోట్‌బుక్ రాస్తుంటే అందులో మా పేరు ఎదుట "రాలేదు" అనే ఉంటుంది, అరిసెలు ఏ గడిలోనూ ఎక్కవు. మీ ఆయన కొట్టేసిన పద్నాలుగు ఇళ్ళ నుంచి ఏడాదిలో ఇంకేమీ రాలేదా, ఒక్కసారి గుర్తు చేసుకోండి అక్కా. ఫోను, పనసకాయ, పెళ్ళి పిలుపు, ఏదైనా.

టెక్కలి నుంచి హైదరాబాద్, డిసెంబరు 1

చరిత్ర ఒకటి చెబుతాను, ఇది రెండువైపులా పనికొస్తుంది. మొదటిసారి అచ్చువేసి అమ్మిన క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో వచ్చింది. వేయించింది హెన్రీ కోల్, బొమ్మ గీసింది జాన్ కాల్‌కాట్ హార్స్లీ. అంతకు మూడేళ్ళ ముందే, 1840లో, అక్కడ పెన్నీ పోస్ట్ మొదలైంది, ఉత్తరం పంపడం చవకైపోయి అందరూ రాయడం మొదలుపెట్టారు. కోల్‌ది తీరిక లేని జీవితం, అందరికీ విడివిడిగా జవాబు రాయలేక కార్డు అచ్చువేయించాడు. అంటే కార్డు పుట్టిందే పని తగ్గించుకోవడానికి. కాబట్టి వాట్సాప్‌ని తిట్టి కార్డుని నెత్తిన పెట్టుకునేవాళ్ళు ఒకసారి ఆలోచించాలి. ఆనాటికి కార్డు కూడా ఫార్వర్డ్ మెసేజ్ లాంటిదే.

అయితే ఆ కార్డులోనే పైన "ఎవరికి", కింద "ఎవరి నుంచి" అని ఖాళీ గీతలు వదిలారు. ఎంత తీరిక లేకపోయినా ఆ రెండు పేర్లూ చేత్తో రాయాల్సిందే. నా ఓటు దానికి. నేను హైదరాబాద్ వచ్చి పదకొండేళ్ళయింది, డిసెంబరులో నా ఫోనుకి రెండు వందల శుభాకాంక్షలు వస్తాయి, ఒక్కదాంట్లో కూడా నా పేరుండదు. పండగ పూట ఏడుపొస్తుంది అప్పుడప్పుడు.

సంచీ మామయ్య (రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్, విజయనగరం జిల్లా), డిసెంబరు 2

పంపాలా వద్దా అన్నది మీరు మీరు తేల్చుకోండి. కానీ తిరిగి రాలేదంటున్న కార్డుల్లో అసలు చేరనివి ఎన్నో ఎవరైనా చూశారా అమ్మా? ముప్ఫై ఏళ్ళు సంచీ మోసినవాడిని, నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను.

మామూలు కవరుకి 20 గ్రాముల దాకా 5 రూపాయలు. చార్టు మందంగా ఉండి లోపల ఫోటో కూడా పెడితే 20 దాటిపోతుంది, అప్పుడు ఇంకో 5 రూపాయల స్టాంపు అతికించాలి. తగ్గితే ఆ తగ్గినదానికి రెట్టింపు అందుకునేవాళ్ళ దగ్గర వసూలు చేస్తారు. పండగ పూట గుమ్మంలో డబ్బులు అడిగించుకుని, వద్దు తీసుకెళ్ళిపో అన్నవాళ్ళని నేను చూశాను, పంపినవాళ్ళకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ముత్యాలు, చెమ్కీలు స్టాంపు దగ్గర అంటించకండి, ముద్ర కొట్టేటప్పుడు కవరు చిరుగుతుంది.

పిన్ కోడు సరిగ్గా రాయండి. 532 అంటే శ్రీకాకుళం వైపు, 535 అంటే విజయనగరం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక చాలామంది తికమక పడుతున్నారు. రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది, కానీ పిన్ మారలేదు. రాజాం ఇప్పటికీ 532127, పాలకొండ 532440. జిల్లా మారింది కదా అని సొంతంగా 535 రాసేస్తే కవరు ఎక్కడెక్కడో తిరుగుతుంది.

వెనకటికి గ్రీటింగులు బుక్ పోస్ట్ అని రాసి, కవరు మూత అంటించకుండా లోపలికి మడిచి పంపేవారు, ఛార్జీ కలిసొచ్చేది. డిసెంబరు 20 నుంచి సంక్రాంతి దాకా మా భుజాలు దిగిపోయేవి. ఇప్పుడు ఆ సంచీలో బ్యాంకు కాగితాలే ఎక్కువ. చేత్తో రాసిన కవరు కనబడితే ఆ ఇంటికి నేను రెండడుగులు వేగంగా వెళ్ళేవాడిని. ఇది నిజం.

గంటస్తంభం, డిసెంబరు 2

మామయ్య గారూ, రిజిస్టర్డ్ పోస్టే ఎత్తేశారు కదా, మామూలు టపా ఇంకెన్నాళ్ళు ఉంటుంది?

సంచీ మామయ్య, డిసెంబరు 2

ఎత్తేయలేదు బాబూ. 2025లో స్పీడ్ పోస్టులో కలిపారు, అంతే. మామూలు కవరు, ఇన్‌లాండ్ లెటరు, అర్ధరూపాయి పోస్టు కార్డు అన్నీ ఉన్నాయి.

జీడితోట (పలాస వైపు), డిసెంబరు 3

ఇంతవరకూ పంపేవాళ్ళే మాట్లాడారు. నేను తిరిగి పంపనివాడిని, మా ఇంటి సంగతి కూడా వినండి.

మాది ఉద్దానం. మా అమ్మకి చదువు రాదు. పట్నంలో ఉండే మా చిన్నాన్న గారింటి నుంచి ఏటా కార్డు వచ్చేది, మెరుపులు, మ్యూజిక్, తెరిస్తే పాట. నేను చదివి వినిపించేవాడిని. అమ్మ సంతోషించేది, ఆ వెంటనే ఒక మాట అనేది: "ఆల్లు ఏటేటా అంపుతున్నారు, మనం ఏటి అంపుతాం?" ఆ మాట అన్నాక ఆ పూటంతా దిగులుగా ఉండేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. కొబ్బరి, జీడి అన్నీ పడిపోయాయి, మా రేకుల కప్పు ఎగిరిపోయింది. ఆ డిసెంబరులో కూడా కార్డు వచ్చింది, ఎప్పటిలాగే అచ్చు అక్షరాలతో "మీ ఇల్లు సంతోషంతో నిండాలి" అని. లోపల సంతకం ఒక్కటే. మా ఇంటికి అప్పుడు కప్పే లేదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, కానీ అమ్మ ఆ కార్డు పక్కన పెట్టేసింది, ఎవరికీ చూపించలేదు. మరుసటేడు మేమే ఫోన్ చేసి ఇక పంపొద్దని చెప్పాం. కారణం చెప్పలేదు, వాళ్ళు అడగనూ లేదు.

కాబట్టి తిరిగి పంపనివాళ్ళందరికీ పొగరని అనుకోవద్దు, పంపేవాళ్ళందరిదీ ప్రేమే అని కూడా అనుకోవద్దు. తీర్చలేని బాకీలా అనిపించే ఇళ్ళు ఉంటాయి. అలాంటివాళ్ళ పేరు కొట్టేస్తేనే వాళ్ళకి ఊపిరాడుతుంది.

నాగావళి గట్టు, డిసెంబరు 3

జీడితోట తమ్ముడూ, నీ మాటలు చదివాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. నేను పంపేవాళ్ళలో మీ అమ్మగారిలా బాధపడేవాళ్ళు ఉన్నారేమో అని ఒక్కొక్కరి పేరూ తలచుకున్నాను. ఉన్నారు. కనీసం ఇద్దరు.

కానీ ఆ 2018 కార్డుని నేను ఇంకోలా చూస్తున్నాను, నువ్వు ఏమీ అనుకోనంటే చెబుతాను. అందులో మీ ఇంటికి కప్పు లేదన్న సంగతి లేదు. వాళ్ళు మిమ్మల్ని తలచుకోకుండానే మీ పేరు మీద కార్డు వేశారు. మా అత్తగారైతే ముందు ఫోన్ చేయించేవారు, "రేకులు వేయించారా, తిండికి ఎలా ఉంది" అని కనుక్కున్నాకే పెన్ను పట్టేవారు. కార్డు అసలు పని అదేనని నా నమ్మకం. ఏడాదికి ఒక్కసారైనా ఆ మనిషి ఎలా ఉన్నాడో నేను తెలుసుకుని తీరాలి. ఆ పని నాది. వాళ్ళు తిరిగి పంపారా లేదా అన్నది అందులోకి రాదు, కాబట్టి లెక్క కూడా ఉండకూడదు. అందుకే ఎర్ర పెన్నుకి నేను ఒప్పుకోలేను.

నోట్‌బుక్‌లో ఒకాయన ఉన్నాడు, ఆగస్టులో గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళిపోతాడు చేపల వేటకి, ఎండాకాలానికి గానీ రాడు. ఆయన కార్డు బోటు ఓనరు అడ్రసుకి వెళుతుంది. సముద్రంలో ఉన్నవాడు జవాబు ఎప్పుడు రాస్తాడు? ఆయన పేరు కూడా ఆ పద్నాలుగులో ఉంది. మే నెలలో మా ఇంటికొచ్చి ఎండు చేపల సంచీ గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. బొబ్బిలి చెల్లీ, నువ్వు అడిగితేనే నాకది గుర్తొచ్చింది.

ఈసారి లోపల "జవాబు రాయనక్కర్లేదు" అని ఒక లైను చేరుద్దామా అనుకుంటున్నాను.

బొబ్బిలి కోడలు, డిసెంబరు 4

వద్దక్కా. అలా రాస్తే నువ్వు రాయలేవులే అన్నట్టు ఉంటుంది. మా అమ్మ అయితే కచ్చితంగా అలాగే అనుకుంటుంది.

జీడితోట, డిసెంబరు 4

నేనూ అదే అంటాను. ఆ లైను వద్దు. అడగాల్సింది ఏదైనా ఉంటే అడగండి, చాలు. వాళ్ళు ఫోన్‌లో చెబుతారు.

గంటస్తంభం, డిసెంబరు 4

నా మాట మీద నేను ఉన్నాను. యాభై ఎనిమిది మందిని ఏటా ఫోన్ చేసి కనుక్కోవడం అందరి వల్లా కాదు, చెయ్యలేనివాళ్ళు తక్కువ మందికే పంపడం మంచిది. మేడమ్ చెయ్యగలరు, చెయ్యండి. నేను మా నాన్నగారి లిస్టులోంచి నలుగురికి మాత్రం రాస్తాను ఈ ఏడు. ఆసుపత్రికి ఎందుకు రాలేదో అప్పుడు అడగలేదు, ఇప్పుడు అడుగుతానో లేదో ఇంకా తెలియదు.

నాగావళి గట్టు, డిసెంబరు 7

ఈవేళ ముప్ఫై ఒకటి రాయడం అయ్యాయి. మా ఆయన తన మాట వెనక్కి తీసుకోలేదు గానీ స్టాంపులు ఆయనే అతికిస్తున్నారు, కిరాణా కొట్టులో తూకం వేయించి తెచ్చారు కూడా, మా కార్డు కవరుతో కలిపి 16 గ్రాములు. కొట్టేసిన పద్నాలుగు పేర్లూ కింద మళ్ళీ రాశాను. అందులో రెండు ఇళ్ళకి పోస్టులో వెయ్యను, చేత్తోనే ఇచ్చి వస్తాను, ఆమదాలవలస దాకా ఎలాగూ వెళ్ళాలి. ఇక ఎర్ర పెన్ను ఇల్లు మారిపోయి కవరు తిరిగొచ్చినవాళ్ళకే అని ఒప్పందం. మామయ్య గారూ, ఒక్క సందేహం. అలా తిరిగి రావాలంటే మా అడ్రసు కవరు మీద ఎక్కడ రాయాలి? అత్తగారు వెనక మూత మీద రాసేవారు.

సంచీ మామయ్య, డిసెంబరు 7

వెనకైనా పరవాలేదమ్మా, ముందు వైపు ఎడమ పక్క కింద రాస్తే ఇంకా మంచిది, తొందరగా కంటపడుతుంది. వేరావల్ కార్డు మాత్రం రేపే డబ్బాలో వేసేయి, దూరం ఎక్కువ. మిగతావి 15 లోపు వేసినా చేరతాయి.