పెప్టైడ్ ఆవేశం నాకు +2 వస్తోంది, కీలో +1 ఉంది

లేతకెరటం:
మధ్యాహ్నం నుంచి దీనితోనే కుస్తీ. ఈ పెప్టైడ్‌లో (చిన్న అమైనో ఆమ్లాల గొలుసు) అమైనో సమూహాలు మూడు, కార్బాక్సిల్ ఒకటి. మూడు ప్లస్‌లు, ఒక మైనస్. ఎన్నిసార్లు లెక్కేసినా +2. జవాబుల కీ తప్పనే నా అనుమానం. ఎవరైనా చూసి చెప్పండి, బుర్ర వేడెక్కిపోయింది.

సూటిమాట:
ఏ పెప్టైడ్? పీహెచ్ ఎంత?

లేతకెరటం:
లైసిన్–ఆస్పరజిన్–గ్లైసిన్. పీహెచ్ 7 అండీ, మామూలే కదా.

పాతబెంచి:
లెక్క సంగతి అలా ఉంచండి. జీవకణంలో ఆవేశం అంటే ముందు ఫాస్ఫేట్ గురించి చెప్పుకోవాలి. కణానికి శక్తినిచ్చే ఏటీపీలో బంధం తెగితే శక్తి వస్తుందని పిల్లలకు నూరిపోస్తున్నారు. బంధం తెంచాలంటే ఎప్పుడూ శక్తి పెట్టాల్సిందే! నీటితో చర్య జరిగాక వచ్చే ఏడీపీ, ఫాస్ఫేట్ ఇంకా స్థిరంగా ఉంటాయి కాబట్టి మొత్తమ్మీద ప్రామాణిక పరిస్థితుల్లో మోల్‌కి సుమారు 30.5 కిలోజౌళ్లు విడుదలవుతాయి. పాఠం చెప్పేవాళ్లే ఇది పట్టించుకోరు.

సూటిమాట:
ఇక్కడ ఫాస్ఫేటే లేదు. ఆస్పరజిన్ పక్క గొలుసులో ఉన్నది ఆమైడ్. ప్లస్ వేయకూడదు.

లేతకెరటం:
అక్కడా ఎన్‌హెచ్2నే ఉంది కదా!

నాలుగోచెయ్యి:
ఎన్‌హెచ్2 కనబడగానే అమైన్ అనేయకండి, అది ఏ కార్బన్‌కి అంటుకుందో చూడండి. లైసిన్‌లో మామూలు సీహెచ్2కి. నైట్రోజన్ మీది ఒంటరి ఎలక్ట్రాన్ జంట తీరిగ్గా ఉండి ప్రోటాన్‌ను పట్టేస్తుంది. పీకేఏ (సగం అణువులు ప్రోటాన్‌ను వదిలేసే పీహెచ్) 10.5 దరిదాపుల్లో, అంటే పీహెచ్ 7లో దాదాపు అన్నీ ప్లస్‌లోనే. ఆస్పరజిన్‌లో పక్కనే కార్బొనిల్ (సీ=ఓ) ఉంది. ఆ జంటను అది తనవైపు లాగేసుకుంటుంది, ఇక ప్రోటాన్‌కి దొరకదు. పెప్టైడ్ బంధాల్లోని నైట్రోజన్లదీ ఇదే కథ. వాటిని మీరే లెక్కలోంచి వదిలేశారుగా? అమైనో కొస +1, లైసిన్ +1, కార్బాక్సిల్ కొస −1.

పాతబెంచి:
ఆమైడ్ కూడా అమైన్ల కుటుంబమే. రెండూ అమ్మోనియా సంతానమేగా.

నాలుగోచెయ్యి:
కుటుంబం ఒకటైతే గుణం ఒకటవుతుందా? ఆ ఆమైడ్ నీటితో విడిపోతే మిగిలేది ఆస్పార్టిక్ ఆమ్లం, అంటే మైనస్. ప్రొటీన్లు పాతబడేకొద్దీ ఇది జరుగుతూనే ఉంటుంది. ఆస్పరజిన్ తర్వాత గ్లైసిన్ ఉంటే మరీ త్వరగా.

పాతబెంచి:
నేరుగా నీటితో కాదు, చాలావరకు మధ్యలో సక్సినిమైడ్ వలయం ఏర్పడుతుంది. అర్ధసత్యాలు చెప్పకండి.

నాలుగోచెయ్యి:
సరే మాస్టారూ, ఏర్పడుతుంది. ఆమైడ్‌కి ప్లస్ అయితే రాదుగా.

లేతకెరటం:
+1 వచ్చేసింది, థాంక్స్ అండీ. తర్వాతి దాంట్లో హిస్టిడిన్ ఉంది. ప్లస్ వేయాలా?

సూటిమాట:
పీకేఏ 6 దగ్గర. 7లో ఎక్కువ భాగం తటస్థమే. వేయక్కర్లేదు.