గాలి ఎక్కువైతే పెట్రోలు ఎంత పెంచాలో ఇంజిన్‌కు ఎలా తెలుస్తుంది?

ప్రశ్న:
నాది 1.2 లీటర్ల, నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు. కార్బ్యురేటర్ బండ్లలో గాలి వేగమే జెట్ (సన్నని రంధ్రం) గుండా పెట్రోలును లాక్కొచ్చేది. ఇంజెక్షన్ బండిలో యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునేది గాలి దారి మాత్రమే కదా, మరి పెట్రోలు ఎంత కావాలో కంప్యూటర్ ఎలా లెక్కగడుతుంది? ఈ మధ్య ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు) ఆర్‌పీఎం పెరిగిపోతోంది. ఇన్‌టేక్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) వైపు లీకేజీ ఉండవచ్చని మెకానిక్ అన్నారు. గాలి అదనంగా వస్తే మిశ్రమం పలచబడి ఇంజిన్ ఆగిపోవాలి గాని, వేగం పెరగడమేమిటి?

జవాబు 1:
ముందుగా మీ బండిలో ఏ సెన్సార్ ఉందో చూడండి, ఎందుకంటే ఒకే లీకేజీ రెండు రకాల బండ్లలో రెండు రకాలుగా బయటపడుతుంది. ఎయిర్ ఫిల్టర్ దాటాక మాఫ్ (గాలి బరువు కొలిచే) సెన్సార్ ఉంటే, దానిలోని వేడి తీగను గాలి ఎంత చల్లబరుస్తోందో చూసి, లోపలికి వెళ్లే గాలి బరువును నేరుగా కొలుస్తుంది. మ్యాప్ (పీడనం కొలిచే) సెన్సార్ ఉన్న బండిలో మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల సముదాయం) పీడనం, గాలి ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం చూసి కంప్యూటరే ఆ బరువును లెక్కగడుతుంది.

మీ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 0.3 లీటర్లు. థ్రాటిల్ (పెడల్‌తో తెరుచుకునే గాలి తలుపు) పూర్తిగా తెరిస్తే అందులో పట్టే గాలి సుమారు 0.36 గ్రాములు, 14.7 గ్రాముల గాలికి 1 గ్రాము చొప్పున దానికి కావలసిన పెట్రోలు దాదాపు 24 మిల్లీగ్రాములు. ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్ పీడనం మూడో వంతుకు పడిపోతుంది గనుక 8 మిల్లీగ్రాములే చాలు. పెట్రోలు చల్లే ఇంజెక్టర్ తెరుచుకుని ఉండే మిల్లీసెకన్లను పెంచి, తగ్గించి కంప్యూటర్ ఈ తేడాను సరిచేస్తుంది.

మాఫ్ బండిలో సెన్సార్ దాటాక చొరబడిన గాలి కొలతలోకి రాదు, అందుకే మిశ్రమం పలచబడి ఇంజిన్ వణుకుతుంది. మ్యాప్ బండిలో ఆ గాలి మానిఫోల్డ్ పీడనాన్ని పెంచుతుంది, దానికి తగ్గ పెట్రోలూ పడుతుంది, ఆర్‌పీఎం పెరుగుతుంది. మీది రెండో రకమని నా అనుమానం.

జవాబు 2:
పై లెక్క పెడల్ నిలకడగా ఉన్నప్పటిది. ఒక్కసారిగా తొక్కితే మానిఫోల్డ్ పీడనం పెరిగి, పెట్రోలు ఆవిరి కావడం తగ్గి, అందులో కొంత, సిలిండర్‌లోకి గాలి వెళ్లే పోర్టు గోడలకు తడిగా అంటుకుపోతుంది. థ్రాటిల్ ఎంత వేగంగా తెరుచుకుందో గమనించి, ఆ లోటు పూడేలా కంప్యూటర్ అప్పటికప్పుడు అదనంగా చల్లుతుంది. ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సార్‌కు కాలిన వాయువు చేరాక గాని ఏమీ తెలియదు, కాబట్టి అది తర్వాతి దిద్దుబాటుకే ఉపయోగపడుతుంది. ఆ దిద్దుబాటునే ఫ్యూయల్ ట్రిమ్ అంటారు.

ప్రశ్న అడిగినవారు:
గాలి గొట్టం మీద సెన్సార్ లేదండీ, మానిఫోల్డ్ మీదే ఉంది. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ దాదాపు సున్నా చూపుతోంది. అంటే లీకేజీ లేనట్టేనా?

జవాబు 1:
అలా అనుకోకండి. మ్యాప్ బండిలో లీకైన గాలికి తగ్గ పెట్రోలు ముందే పడుతుంది గనుక ట్రిమ్ సున్నా దగ్గరే ఉండవచ్చు. ఇంజిన్ వేడెక్కాక, ఏసీ ఆపి, ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్ పీడనం చూడండి. అది సాధారణంగా 30–40 కిలోపాస్కల్స్ మధ్య ఉంటుంది. అంతకంటే బాగా ఎక్కువ ఉంటే బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిర్లను ఇన్‌టేక్‌కు పంపేది), మానిఫోల్డ్ గాస్కెట్ (అతుకు దగ్గరి సీలు) పరీక్ష చేయించండి. ఇన్‌టేక్‌లోకి పొగ పంపి లీకేజీ పట్టే యంత్రం ఉన్న వర్క్‌షాపుకు వెళ్తే, ఒక్కో భాగం మార్చి చూసే ఖర్చు తప్పుతుంది.