1961 ఈ-టైప్: గేర్‌బాక్స్ మార్చొచ్చా? ఫ్లోర్ కొయ్యొచ్చా?

పాతఇనుము: బండి 1961 జాగ్వార్ ఈ-టైప్ రోడ్‌స్టర్, 3.8 లీటర్లు. బోనెట్ తాళాలు బయటే ఉన్న తొలి దాదాపు 500 బళ్లలో ఒకటి. ఛాసిస్, ఇంజన్, బాడీ, గేర్‌బాక్స్ నంబర్లు నాలుగూ బండికున్న ఫ్యాక్టరీ ప్లేటుతో కలిశాయి. వర్క్‌షాప్ వాళ్లు రాసిచ్చిన పనులు: ఐదు గేర్ల బాక్స్, అల్యూమినియం రేడియేటర్, ఆల్టర్నేటర్, ముందు చక్రాలకి నాలుగు పిస్టన్ల కాలిపర్లు (బ్రేక్ డిస్కును పట్టి నొక్కేవి), క్రాంక్ షాఫ్ట్‌కి లిప్ సీల్ (నూనె కారకుండా పెదవిలా పట్టుకునే సీలు), ఓనరు పొడగరి కాబట్టి కాళ్ల దగ్గర ఫ్లోర్ కోసి గుంత. వీటిలో వేటికి ఒప్పుకోవాలి?

మాస్‌బాక్స్: ఫ్లోర్ జోలికి పోనివ్వకండి. 1962లో జాగ్వారే గుంత పెట్టి మార్చింది, అందుకే చదును ఫ్లోర్‌కి ఇప్పుడు ఆ గిరాకీ. చోటు కావాలంటే సీటు ఫోమ్ పల్చన చేయించండి, సీటు పట్టాలు వెనక్కి జరపండి. ఇంకోటి, బోనెట్ మీద గాలి చీలికలు చూడండి. తొలి బళ్లలో ఆ ముక్క విడిగా చేసి వెల్డ్ చేసేవారు, తర్వాతే ఒకే రేకులో ప్రెస్ చేశారు. సొట్టలు తియ్యడానికి బద్ధకించి కొత్త రేకు బిగిస్తే ఆ గుర్తు పోయినట్టే.

లిప్ సీల్ కూడా వద్దు. ఈ ఇంజన్లో క్రాంక్ వెనక చివర చెక్కిన మర గాడి తిరుగుతూ నూనెను లోపలికి తోలుతుంది. లిప్ సీల్ కూర్చోవాలంటే ఆ గాడిని అరగదీయాలి, మళ్లీ రాదు. నూనె కారుతోందంటే ముందు క్రాంక్‌కేస్ బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే దారి) పూడిపోయిందేమో చూడండి. లోపల ఒత్తిడి పెరిగితే ఏ సీలూ ఆపలేదు.

సర్వీస్‌మాన్యువల్: ఫ్లోర్, క్రాంక్ విషయంలో మీతోనే ఉన్నాను. గేర్‌బాక్స్ దగ్గరే పేచీ. ఈ బండితో వచ్చిన పాత గేర్‌బాక్స్‌ని మాస్ బాక్స్ అంటారు. అందులో మొదటి గేరుకి సింక్రో (గేరు గరగరలాడకుండా పడేలా చేసే ఏర్పాటు) లేదు, ట్రాఫిక్‌లో నరకం. టన్నెల్ (గేర్‌బాక్స్ మీది ఫ్లోర్ మూపురం) కొయ్యకుండా పట్టే కిట్ తీసుకుని, కొత్త కొలతకి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక్కి తిప్పుడు తీసుకెళ్లే కడ్డీ) వేరే చేయించండి. పాతది కొయ్యొద్దు. అసలు బాక్స్ నూనె పోసి, సీలు చేసి దాచండి.

బ్రేకుల సంగతి: కాలిపర్లు బోల్టులతోనే పడతాయి, కానీ పిస్టన్ల వైశాల్యం పెరిగితే బ్రేక్ నూనె ఎక్కువ కావాలి. పెడల్ నొక్కితే ఆ నూనెను తోసే మాస్టర్ సిలిండర్ బోరు చూడకుండా వేస్తే పెడల్ కిందికి దిగిపోతుంది. వెనక డిస్కులు డిఫరెన్షియల్ పక్కనే ఉంటాయి. వాటి వేడికి అవుట్‌పుట్ సీళ్లు ఎండి, డిస్కుల మీదికి నూనె వస్తుంది. ముందు ఎంత ఖరీదైన కాలిపర్ పెట్టినా ఆ రోగం తగ్గదు. సీళ్లు మార్చి, పెడల్‌కి బలం కలిపే సర్వో బెల్లోస్‌కి (మడతల తిత్తికి) పగుళ్లున్నాయేమో చూశాక కూడా చాలకపోతేనే కాలిపర్ల మాట.

గోల్కొండ_గేర్: బండి ఇండియాలో ఉంటే ఇంకో లెక్క ఉందన్నా. 2021 జూలై నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ నంబరు (వింటేజ్ బళ్లకిచ్చే రిజిస్ట్రేషన్) రావాలంటే అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్చి ఉండకూడదు. గేర్‌బాక్స్ పేరెత్తలేదు, నిజమే. కానీ ఆ నంబరుతో రోజువారీ తిప్పడానికే వీల్లేదు. ఇక ట్రాఫిక్ కోసం ఐదు గేర్లెందుకు?

పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ వస్తోంది కాబట్టి పెట్రోల్ గొట్టాలు మాత్రం తప్పకుండా మార్చండి. పాత రబ్బరు మెత్తబడి రేణువులు ఎస్‌యూ కార్బురేటర్ల సూది వాల్వుల్లో ఇరుక్కుంటాయి. ఇథనాల్‌కి తట్టుకునే విటాన్ రబ్బరు రకం వేసి, పైన పాత అల్లిక తొడిగితే కంటికి తేడా తెలియదు.

మాస్‌బాక్స్: “దాచండి” అనడం తేలికే, సర్వీస్‌మాన్యువల్ గారూ. బండి రెండు చేతులు మారేసరికి ఆ బాక్స్ ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. నంబరు ఫొటో, అది ఎక్కడుందో రాసిన కాగితం బండి ఫైల్లో లేకపోతే, బోల్టులతో మార్చినా కోసినట్టే లెక్క.

సర్వీస్‌మాన్యువల్: ఆ షరతు సబబే. రాతలో పెట్టించండి. కానీ ఏడాదికి నాలుగుసార్లు దూరం పోయేవాళ్లకి ఐదో గేరు విలాసం కాదు, ఇంజన్ తిప్పుడు తగ్గుతుంది.

రేడియేటర్ కొనేముందు ఇంజన్ బ్లాక్‌కి పక్కనుండే కోర్ ప్లగ్గులు (నీటి దారుల రేకు మూతలు) విప్పి వెనక సిలిండర్ల చుట్టూ బురద గోకించండి, ఇంజన్ వేడెక్కాక బైపాస్ (నీళ్లు రేడియేటర్ని తప్పించుకుపోయే దారి) మూసే రకం థర్మోస్టాటే వేశారో లేదో చూడండి. ఆల్టర్నేటర్ కోసం పాజిటివ్ ఎర్త్‌ని (బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపిన పద్ధతిని) నెగటివ్ చేస్తే కాయిల్, అమ్మీటర్ వైర్లు తారుమారు చెయ్యాలి. ఫ్యాన్ ఎటు తిరుగుతోందో కూడా చూడండి. శాశ్వత అయస్కాంతం మోటారైతే వెనక్కి తిరిగి గాలిని ముందుకు తోస్తుంది, మీరేమో రేడియేటర్ని తిడతారు.

గోల్కొండ_గేర్: ఇంజన్ని మోసే ముందు భాగం గొట్టాల సబ్‌ఫ్రేములకి పౌడర్ కోటింగ్ వద్దని కూడా చెప్పండి. ఆ గొట్టాల అతుకుల్లో పగులు వస్తే మందపాటి పూత కింద కనపడదు. మామూలు పెయింటైతే గీత పడి బయటపడుతుంది.