ఉప్పునీళ్లకు చీనీ (బత్తాయి) ఆకులు మాడుతున్నాయి: నీళ్లు ఎక్కకనా, ఉప్పు ఎక్కా?

అన్నలూ, అక్కలూ, మాది అనంతపురం జిల్లా నార్పల పక్క. నాయన చీనీ తోట పెట్టినాడు. బోరు నీళ్లు ఉప్పగా మారినాయి. ముదురాకుల కొనలు గోధుమరంగుకు తిరిగి, అంచుల వెంబడి లోపలికి మాడుతున్నాయి. చిగుళ్లు మాత్రం పచ్చగానే ఉన్నాయి. డ్రిప్పర్ల చుట్టూ నేల మీద తెల్లటి పొర.

బైపీసీలో చదివింది ఇది: వేరు కణంలో ద్రవం చిక్కన, మట్టిలో నీళ్లు పల్చన, కాబట్టి ఆస్మాసిస్‌తో నీళ్లు లోపలికి పోతాయి. ఆ నీళ్లు కణం చుట్టూ ఉండే కొవ్వుపొర దాటడానికి ఆక్వాపోరిన్లనే ప్రోటీన్ దారులున్నాయి. వాటిని కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ వచ్చింది. బయట ఉప్పు పెరిగితే ఆ తేడా తగ్గి, నేల తడిగా ఉన్నా చెట్టుకు దాహమే. సరే.

అట్లయితే చెట్టంతా వాడాలి కదా, ముదురాకులే ఎందుకు? సోడియం, క్లోరైడ్ అయాన్లు కొవ్వుపొరను నేరుగా దాటలేవు గానీ, వాటికీ వేరే ప్రోటీన్ దారులున్నాయి. అవి ఆకుదాకా ఎక్కి, నీళ్లు ఆవిరైపోయి, అక్కడే పేరుకుంటున్నాయా? తేల్చుకోవడానికి ఆకు పరీక్షలో క్లోరైడ్ ఒక్కటి చూపిస్తే చాలునా?

నాయన జిప్సం వేద్దామంటాడు. దాంట్లో కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియంను వదిలిస్తుంది, మరి క్లోరైడ్‌ సంగతి? నీళ్లు ఎక్కువ కట్టి కిందికి దింపాలంటే ఆ నీళ్లే ఉప్పన! అంటుకు వేరుమొక్కగా వాడే జంబేరి నిమ్మ బదులు రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంట్లకు క్లోరైడ్ తక్కువ ఎక్కుతుందట. మన వైపు పెట్టినోళ్లుంటే కాపు ఎట్లుందో చెప్పండి.