స్పీకింగ్ టెస్టులో 'ఫ్రెండ్స్‌తో చాటింగ్' టాపిక్: మీకు వచ్చిందా, ఏం చెప్పారు?

రాత్రిబండి:
అందరికీ నమస్తే. మొన్న ఐఈఎల్టీఎస్ ఇంగ్లీషు పరీక్ష రాశాను. లిజనింగ్, రీడింగ్, రైటింగ్ మూడూ అనుకున్నట్టే వచ్చాయి, స్పీకింగ్ మాత్రం 9కి 6 దగ్గర ఆగిపోయింది. కావాల్సింది 7. ఎక్కడ పోయిందో రిజల్ట్ చూస్తే తెలియదు కదా, స్పీకింగ్ మొత్తానికీ కలిపి ఒకే అంకె ఇస్తారు. అందుకే ఆ పావుగంటలో ఏం జరిగిందో నేనే కూర్చుని గుర్తు చేసుకుంటున్నాను.

చదువు గురించి మూడు ప్రశ్నలయ్యాక ఫ్రెండ్స్‌తో చాటింగ్ గురించి మాట్లాడుకుందాం అన్నారు ఎగ్జామినర్. హమ్మయ్య, తేలికైనదే వచ్చింది అనుకున్నాను. ఇష్టమేనా అంటే "యెస్, ఐ లైక్ చాటింగ్ వెరీ మచ్, డైలీ ఐ చాట్ ఇన్ వాట్సాప్" అన్నాను. ఏం మాట్లాడుకుంటారు అంటే "మూవీస్, స్టడీస్, జాబ్స్, ఎవ్రీథింగ్" అన్నాను. ఆవిడ ఇంకా ఏమైనా చెబుతానేమోనని నా వంక చూస్తూ రెండు క్షణాలు ఆగారు. నేనూ ఆగాను. టేబుల్ మీద రికార్డర్ నడుస్తూనే ఉంది, నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. తర్వాత నేరుగా కలిసి మాట్లాడటం ఇష్టమా, ఆన్‌లైన్‌లోనా అన్నారు. అప్పటికే ఫోన్ సంగతంతా చెప్పేశాను కాబట్టి అదే తిప్పి తిప్పి చెప్పాను.

ఫోన్ పట్టుకుంటే గంటలు గంటలు మాట్లాడతాను నేను. అక్కడ నాలుగు వాక్యాలు పట్టుమని చెప్పలేకపోయానంటే ఇప్పటికీ బాధగా ఉంది. ఈ టాపిక్ వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే మీ అనుభవం రాయండి, మళ్ళీ వచ్చే నెలలో రాస్తున్నాను.

పలకాబలపం:
అమ్మా, నేను స్పీకింగ్‌కి తయారుచేస్తుంటాను, ఈ టాపిక్‌లో నీలాగే తడబడినవాళ్ళను చాలామందిని చూశాను. కారణం ఒక్క మాటలో ఉంది. మనకి చాటింగ్ అంటే ఫోన్లో టైప్ చేసుకోవడం. ఇంగ్లీషులో చాట్ అంటే కబుర్లు. ఫోన్లు పుట్టకముందు నుంచీ ఆ మాటకు అదే అర్థం, టైపింగ్ అర్థం నిన్న మొన్న వచ్చి చేరింది. ఎగ్జామినర్ అడిగింది "ఫ్రెండ్స్‌తో కబుర్లు చెప్పుకోవడం ఇష్టమేనా" అని. నువ్వు చెప్పింది యాప్ గురించి. తప్పేం కాదు, కానీ మొదటి అడుగులోనే ఇరుకు సందులోకి వెళ్ళిపోయావు, అందుకే మూడో ప్రశ్నకి సరుకు అయిపోయింది.

కబుర్లు అనుకుని చూడు, ఎన్ని రకాలున్నాయో. చాలా రోజుల తర్వాత కలిసి అప్పటిదాకా జరిగినవన్నీ చెప్పుకుంటే క్యాచ్ అప్. మనసులో ఉన్నది విప్పి చెప్పుకుంటే హార్ట్ టు హార్ట్. పనిలో ఒళ్ళు మండిపోయి ఫ్రెండ్ దగ్గర కక్కేస్తే లెట్ ఆఫ్ స్టీమ్. పనేమీ లేకుండా పిచ్చాపాటీ వేసుకుంటే జస్ట్ చాటింగ్ అబౌట్ నథింగ్ ఇన్ పర్టిక్యులర్. వీటిని బట్టీ కొట్టమని కాదు చెప్పడం. ఇందులో నువ్వు నిజంగా చేసేది ఏదో ఒకటి పట్టుకో, దానికి తగ్గ మాట అదే వస్తుంది.

ఉడుతా_ఉడుత:
నాకు కిందటేడు ఇదే టాపిక్ వచ్చింది. గుంపుగా మాట్లాడటం ఇష్టమా, ఒక్కరితోనా అన్నది నాకు రెండో ప్రశ్న. ప్రిపేర్ అవ్వలేదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గుంపులో ఉంటే నేను ఎక్కువగా వింటాను, ఎందుకంటే నేను మాట మొదలుపెట్టేలోపే వేరేవాళ్ళు అందుకుంటారు. ఒక్కరే ఉంటే మాత్రం నన్ను ఆపలేరు. హాస్టల్లో నా రూమ్మేట్, నేను లైట్లు ఆర్పేశాక మొదలుపెట్టి తెల్లవారుజాము దాకా మాట్లాడుకున్న రోజులున్నాయని చెప్పాను. ఇంగ్లీషులో అంతా కలిపి నాలుగైదు వాక్యాలు అయ్యుంటుంది. గ్రామర్ ఒకచోట తప్పింది, వెంటనే సరిచేసుకుని ముందుకి వెళ్ళాను. 7.5 వచ్చింది. నాకు పెద్ద పెద్ద మాటలేం రావు, అది మాత్రం ఖాయంగా చెప్పగలను.

నిలువుటద్దం:
నేను ఒప్పుకోను. నేను 40 టాపిక్స్‌కి జవాబులు రాసుకుని బట్టీ పట్టాను, అందులో ఇదీ ఉంది, నాకు 7 వచ్చింది. టెన్షన్‌లో బుర్ర పనిచెయ్యని నాలాంటివాళ్ళకి రాసిపెట్టుకున్నదే దిక్కు. అందరూ సహజంగా మాట్లాడు, సహజంగా మాట్లాడు అంటారు, ఎదురుగా పరీక్షకుడు కూర్చుంటే సహజంగా ఎలా వస్తుంది?

పలకాబలపం:
మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది. టాపిక్ గురించి ముందే ఆలోచించి పెట్టుకోవడం మంచిదే, నేనూ చేయిస్తాను. వాక్యాలు వాక్యాలుగా బట్టీ పట్టడమే ప్రమాదం. ఎగ్జామినర్లు రోజూ వినేవాళ్ళు. అప్పటిదాకా ఆగుతూ ఆగుతూ మాట్లాడిన మనిషి హఠాత్తుగా వార్తలు చదివినట్టు గడగడా అందుకుంటే కనిపెట్టేస్తారు, బట్టీ మాటలు మీ సొంత భాష కింద లెక్కకు రావు. పైగా స్పీకింగ్‌లో ఉండే మూడు భాగాల్లో ఇలాంటి ప్రశ్నలు వచ్చే మొదటి భాగం 4-5 నిమిషాలే. రెండో భాగంలో ఇలాంటి విషయమే వచ్చి, మూడో భాగంలో దాన్ని ఇంకోవైపు తిప్పి, ఇప్పటి మనుషులు ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవడం తగ్గించేశారా అన్నట్టు అడిగితే అక్కడ బట్టీ ఆదుకోదు. మీకు 7 వచ్చిందంటే బట్టీ వల్ల కాదు, మీ ఇంగ్లీషు ఆ స్థాయిలో ఉంది కాబట్టే అని నా నమ్మకం.

నిలువుటద్దం:
మూడో భాగంలో నేను సొంతంగానే మాట్లాడానండీ, అది నిజం. ఆలోచిస్తాను.

ఒంటరి_వేప:
ఒక విషయం అడగాలని ఉంది. నాకు పెద్దగా ఫ్రెండ్స్ లేరు. ఒకప్పుడు ఉన్న ఇద్దరూ పెళ్ళిళ్ళయి ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోయారు. ఈ టాపిక్ ప్రాక్టీస్ చెయ్యడానికి కూర్చుంటే ఇంగ్లీషు కంటే ముందు మనసు బరువెక్కుతోంది. ఎగ్జామ్‌లో వస్తే అబద్ధం చెప్పాలా?

ఉడుతా_ఉడుత:
అక్కా, అక్కర్లేదు. వాళ్ళు మార్కులు వేసేది నాలుగింటికి: ఆగకుండా, పొంతన కుదిరేట్టు మాట్లాడుతున్నామా, ఎలాంటి పదాలు వాడుతున్నాం, గ్రామర్ ఎలా ఉంది, ఉచ్చారణ అర్థమవుతోందా. నాలుగింటికీ సమాన వాటా. ఫ్రెండ్స్ ఎంతమంది అన్నదానికి మార్కుల్లేవు. నువ్వు ఇక్కడ రాసిందే చక్కటి జవాబు. చిన్నప్పుడు రోజూ మాట్లాడుకునేవాళ్ళం, ఇప్పుడు ఎప్పుడో ఒకసారి ఫోన్ చేసుకుంటాం, చేసుకున్నప్పుడు మాత్రం ఆ పాత రోజులే మళ్ళీ వస్తాయి అని చెప్పు. చూడు, అప్పటి సంగతికి ఒక కాలం, ఇప్పటి సంగతికి ఇంకో కాలం, గ్రామర్ కూడా రెండు రకాలు అదే వచ్చేసింది.

పలకాబలపం:
ఉడుత చెప్పింది అక్షరాలా నిజం. చెప్పాలని లేకపోతే కల్పించి చెప్పినా ఎవరూ పట్టుకోరు, అది నిజనిర్ధారణ కాదు. కాకపోతే కల్పన మోయడం కష్టం, ఎందుకు అని ఒక్క ప్రశ్న అడిగితే మళ్ళీ కల్పించాలి. నిజం చెబితే ఆ భారం ఉండదు. నీకు మనసు బరువెక్కిందంటే చెప్పుకోవలసింది ఉందని అర్థం తల్లీ.

కొక్కొరోకో:
ఉచ్చారణ గురించి ఎవరూ వివరంగా అనలేదు కాబట్టి నేను చెబుతాను, ఎందుకంటే నాకు దెబ్బ పడింది అక్కడే అని గట్టిగా అనిపిస్తోంది. చాట్ అన్నమాటను మనం చాయ్, చార్మినార్ అన్నప్పటి 'చా'తో పలుకుతాం. అలా పలికితే బ్రిటిష్ ఇంగ్లీషు చెవికి చార్ట్ అన్నట్టు వినిపిస్తుంది. మాక్ టెస్టులో మా సార్ "వాట్ చార్ట్?" అని అడిగేదాకా నాకు తెలియనే తెలియదు. ఆ టాపిక్ మొత్తం ఆ మాట చుట్టూనే తిరుగుతుంది కదా, ఎన్నిసార్లు అంటామో చూడండి.

తర్వాత ఆయనే ఒక కిటుకు చెప్పారు. ఆ శబ్దం మన నోట్లో ఉంది. "వాడు నిన్న వచ్చాడు" అని మామూలుగా, పుస్తకం చదివినట్టు కాకుండా అనండి. ఆ 'చ్చా'లో ఉన్న అచ్చు, చాయ్‌లో ఉన్న అచ్చు ఒకటి కాదు, మొదటిది కాస్త 'యా' వైపు సాగుతుంది. దాన్నే పొట్టిగా చేసి చివర ట్ పెడితే చాట్ సరిగ్గా వస్తుంది. పది సార్లు 'వచ్చాడు, చాట్, వచ్చాడు, చాట్' అనుకున్నాను, అయిపోయింది.

ఇంకోటి, ఓన్లీని వోన్లీ అనడం, ఎవ్రీని యెవ్రీ అనడం, ఫ్రెండ్స్ చివర 'ఉ' తగిలించి ఫ్రెండ్సు అనడం. మన యాస ఉన్నందుకు మార్కులు తగ్గించరు, వినేవాళ్ళకి కష్టమైతేనే తగ్గుతాయి, అందుకే అన్నీ దిద్దుకోవాలని కంగారు పడకండి. టాపిక్‌లో మాటిమాటికీ వచ్చే మాటలు నాలుగు సరిచేసుకుంటే చాలు.

సన్నజాజి_తీగ:
గ్రామర్‌లో నేను చేసిన తప్పులు ఇవీ, అన్నీ ఈ టాపిక్‌లోనే బయటపడ్డాయి. "వి డిస్కస్ అబౌట్ మూవీస్" అన్నాను, డిస్కస్ తర్వాత అబౌట్ రాదు, కావాలంటే టాక్ అబౌట్ అనాలి. "ఐ యామ్ హ్యావింగ్ త్రీ క్లోజ్ ఫ్రెండ్స్" అన్నాను, ఐ హ్యావ్ అంటే సరిపోతుంది. అన్నిటికంటే పెద్దది "వి యూజ్డ్ టు చాట్ డైలీ". ఇప్పుడు రోజూ మాట్లాడుకుంటున్నామని నా ఉద్దేశం, కానీ అలా అంటే ఒకప్పుడు మాట్లాడుకునేవాళ్ళం, ఇప్పుడు మానేశాం అని అర్థం! నా మాక్ టెస్ట్ పార్ట్‌నర్ పాపం "ఏమైంది, గొడవ పడ్డారా?" అని అడిగింది. ఇప్పుడు చేసే అలవాటుకి "వి యూజువల్లీ చాట్" చాలు. పైన వేప గారు చెప్పుకోవాలనుకున్నదానికి మాత్రం యూజ్డ్ టు అచ్చంగా సరిపోతుంది.

ఫ్రెండ్స్‌తో వాదించుకుంటారా అని కూడా అడిగారు నన్ను. నేను ఒక పెద్ద గొడవ కథ మొదలుపెట్టాను, మధ్యలో థాంక్యూ అని ఆపేసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు. ఇక అయిపోయింది, ఫెయిల్ అనుకుని మిగతా టెస్టంతా వణుకుతూ మాట్లాడాను. తర్వాత తెలిసింది, వాళ్ళకి సమయం కొలతగా ఉంటుంది కాబట్టి ఆపుతారు, ఆపినందుకు మార్కులు పోవు. ఆ సంగతి ముందే తెలిసుంటే రెండో భాగం అంత పాడుచేసుకునేదాన్ని కాదు. దయచేసి మీరెవరూ ఆ పొరపాటు చెయ్యకండి.

రాత్రిబండి:
అందరికీ ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. మీరు రాసినవన్నీ చదివి నిన్న రాత్రి ఒక పని చేశాను. నా ఫ్రెండ్‌కి చెప్పి, తను సరేనన్నాకే, మా ఫోన్ కాల్‌ను ఓ పది నిమిషాలు రికార్డ్ చేశాను, మామూలుగా తెలుగులో మాట్లాడుకునేదే. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. నేను ఏం మాట్లాడానో పేపర్ మీద రాసుకుంటూ పోతే ఒక్కసారి కూడా "మేము సినిమాలు, చదువులు, ఉద్యోగాల గురించి మాట్లాడుకుంటాం" లాంటి మాట లేదు. అన్నీ "ఇవాళ ఏమైందో తెలుసా" తోనే మొదలయ్యాయి! మా మేనేజర్ నా మెయిల్ చదవకుండానే జవాబిచ్చిన సంగతి, తను బస్సులో గొడుగు మర్చిపోయి దిగిపోయిన సంగతి. కబుర్లంటే జరిగింది చెప్పడం, నేను టెస్టులో చెప్పింది విషయసూచిక.

ఇవాళ పొద్దున అదే ప్రశ్న ఇంగ్లీషులో నాకు నేనే వేసుకుని ఆ గొడుగు సంగతి చెప్పాను. మేము ఎక్కువగా రోజూ జరిగే చిన్న చిన్న విషయాలే మాట్లాడుకుంటాం, ఉదాహరణకి నిన్న తను బస్సులో గొడుగు వదిలేసి వచ్చింది, అది చెప్పుకుని పది నిమిషాలు నవ్వుకున్నాం అని. ఇంగ్లీషులో 25 సెకన్లు వచ్చింది, ఎక్కడా ఆగలేదు. చాట్ అనేది మాత్రం ఇంకా చార్ట్‌లాగే వస్తోంది, కొక్కొరోకో గారూ, 'వచ్చాడు' మొదలుపెట్టాను.

ఒంటరి_వేప:
రాత్రిబండి గారూ, మీ పోస్టు చదివి నేనూ ఆ ఇద్దరిలో ఒకరికి ఫోన్ చేశాను, ఆరు నెలల తర్వాత. ప్రాక్టీస్ కోసం పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడుకుందామా అని అడిగాను. మూడు నిమిషాలకే తెలుగులోకి వచ్చేశాం, గంటన్నర అయ్యింది. రేపు మళ్ళీ చేస్తానంది, ఈసారి ఇంగ్లీషులోనే అని మాట తీసుకున్నాను. మీకూ పార్ట్‌నర్ కావాలంటే చెప్పండి, ముగ్గురం మాట్లాడుకుందాం. గుంపా, ఒక్కరా అన్న ప్రశ్నకి కూడా ప్రాక్టీస్ అవుతుంది.

రాత్రిబండి:
తప్పకుండా అక్కా. రేపు రాత్రి తొమ్మిదికి ఖాళీయేనా?