నరసాపురం లేసు, ఉప్పాడ, చెవిదుద్దులు: బయటిదేశం పట్టుకెళ్ళడానికి ఏవి కొనాలి?

లంక అల్లుడు:
సంక్రాంతికి అమలాపురం అత్తారింటికి వస్తున్నామండి. తిరిగి మెల్‌బోర్న్ వెళ్ళేటప్పుడు ఆఫీసులో పన్నెండు మందికి చిన్న కానుకలు, మా ఆవిడ స్నేహితురాళ్ళు ఇద్దరికి కాస్త మంచివి పట్టుకెళ్ళాలి. ఇక్కడి చేతిపనే అయ్యుండాలి, బరువుండకూడదు, దారిలో విరగకూడదు. లేసని ఒకరు, ఉప్పాడని ఒకరు, వన్ గ్రామ్ గోల్డ్ అని ఇంకొకరు చెబుతున్నారు. అసలైనది ఎలా పోల్చుకోవాలి?

గొలుసుకుట్టు:
పన్నెండు మందికీ లేసే తీసుకోండి. గ్లాసు కింద వేసుకునే నాలుగంగుళాల గుండ్రటి డాయిలీలు ఎన్ని పెట్టినా చొక్కా మడతల్లో ఇమిడిపోతాయి. నరసాపురం క్రోషె (కొక్కెం సూదితో చేత్తో అల్లే) లేసుకి 2024లో జీఐ, అంటే ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు, కూడా వచ్చింది.

అయితే లేసు పేరుతో మెషీను సరుకూ అదే బల్ల మీద ఉంటుంది. క్రోషె అల్లికని మెషీను అల్లలేదు, అలా కనిపించేలా నేస్తుంది, లేదా ఎంబ్రాయిడరీ చేస్తుంది. ఫోను కెమెరాతో దగ్గరగా చూడండి. చేతి అల్లికలో ప్రతి కుట్టు తల మీదా జడపాయల్లా ఒకదాన్నొకటి పట్టుకున్న ఉచ్చులు కనిపిస్తాయి. మెషీనుదానిలో దారాలు అడ్డదిడ్డంగా, జిగ్‌జాగ్‌గా కప్పేసి ఉంటాయి, అంచుల్లో కత్తిరించిన నూగు ఉంటుంది. అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నా అనుమానించాల్సిందే. చేతి పనిలో ఒక రేకు నూలుపోగంతైనా తేడాగా వస్తుంది.

తర్వాత వెనక్కి తిప్పి దారం కొస ఎక్కడ ఆగిందో వెతకండి. మంచి పనిలో ఆ కొసని అంగుళమైనా కుట్ల లోపలికి దూర్చి దాచేస్తారు. ముడి పక్కనే కత్తిరిస్తే రెండు మూడు ఉతుకుల్లో ముడి జారి, మధ్య నుంచి విప్పుకుంటుంది. నడిమి గుండ్రాన్ని వేలితో మెల్లగా లాగి చూస్తే అక్కడే తెలిసిపోతుంది.

దారం నంబరు పెరిగేకొద్దీ సన్నమవుతుంది. ఇరవై నంబరుకీ నలభై నంబరుకీ పనిలో చాలా తేడా ఉంది, అదే సైజుకి కుట్లు ఎక్కువ పడతాయి, కాబట్టి ధర ఎక్కువ చెబితే మోసం అనుకోకండి. నూలో పాలిస్టరో తెలియాలంటే ఒక విడి దారం అడిగి వెలిగించండి. నూలు కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

గుడ్డకి లేసు అంచు కట్టిన టేబుల్ క్లాత్ కొంటే, గుడ్డని ముందే తడిపి ఆరేశారా అని అడగాలి. ఆ పని చెయ్యకపోతే మొదటి ఉతుకులోనే గుడ్డ కుంచించుకుపోయి లేసు ముడతలు పడి లేస్తుంది. ఇస్త్రీతో అది పోదు.

ఇంకో మాట. అల్లే ఆడవాళ్ళ దగ్గరే నేరుగా కొంటున్నప్పుడు మాత్రం బేరం ఆడకండి, ప్లీజ్.

సీతమ్మగారి వీధి:
లేసు చెవిదుద్దులు కూడా వస్తున్నాయి కదా, అవి నిలబడతాయా? గంజి పెడతారా, గమ్ పెడతారా?

గొలుసుకుట్టు:
రెండూ పెడతారండి. నీళ్ళు కలిపిన ఫెవికాల్ పట్టించినవి మొదట బిగుతుగానే ఉంటాయి, చెమటకీ తేమకీ మెత్తబడి ఒరుగుతాయి. గంజి పెట్టినవి చల్లనీళ్ళలో ఉతికి మళ్ళీ పెట్టుకోవచ్చు. కాకపోతే గంజితోనే నెలల తరబడి పెట్టెలో ఉంచితే పసుపురంగు తిరుగుతుంది, పురుగు కూడా పడుతుంది. కొక్కెం నికెల్ పూత అయితే కొందరికి చెవి ఎర్రబడుతుంది, స్టీలు కొక్కేలు వేయించుకోండి. ఉతికాక పిండకండి. తువ్వాలులో చుట్టి నొక్కి, బల్ల మీద పరిచి, రేకు రేకుకీ గుండుసూది గుచ్చి నీడన ఆరబెట్టాలి.

రేవు దాటి:
దారి: రాజోలు, దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు, అక్కణ్ణుంచి నరసాపురం. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే దగ్గర, కానీ గోదారి వరద పోటు మీదుంటే పంటు ఆపేస్తారు. సంక్రాంతికి ఆ బెంగ లేదు, కాకపోతే భోగికి ముందే వెళ్ళండి, పండగ మూడ్రోజులూ కొట్లు తెరిచి ఉంటాయని నమ్మకం లేదు.

తరుగు–మజూరీ:
వన్ గ్రామ్ గోల్డ్, రోల్డు గోల్డు కోనసీమ కొట్లలో బోలెడు అమ్ముతారు గానీ, రోల్డు గోల్డుకి పేరు మోసిన ఊరు కృష్ణా డెల్టాలోని మచిలీపట్నం పక్క చిలకలపూడి. ఇక్కడి చేతిపనే కావాలన్నారు కాబట్టి చెబుతున్నా. పైన సన్నటి బంగారు పొరే, సెంటు, చెమట తగిలితే మెరుపు పోతుంది.

స్నేహితురాళ్ళకి అసలు బంగారమే అనుకుంటే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, స్వచ్ఛత చెప్పే 22కె916, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు, ఈ మూడూ చూసి, ఆ నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. ఇక్కడే మెలిక ఉంది. రెండు గ్రాముల లోపు వస్తువుకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, చిన్న దుద్దులు సరిగ్గా అక్కడే పడతాయి. అలాంటప్పుడు బిల్లులో స్వచ్ఛత, రాళ్ళు తీసేసిన నికర బరువు, తరుగు, మజూరీ విడివిడిగా రాయించుకోవాలి. రాయి బరువుకి బంగారం ధర కట్టించడం పాత అలవాటు.

నన్నడిగితే ఆ డబ్బు ఉప్పాడ దుపట్టా మీద పెట్టండి.

మగ్గం గుంట:
అవునండి, ఇద్దరికీ దుపట్టాలే సరి. కాకినాడ నుంచి ఉప్పాడ కొత్తపల్లి వైపు వెళ్తే మగ్గాల దగ్గరే చూడొచ్చు. ఉప్పాడ జాంధానీకి 2009లోనే జీఐ ఇచ్చారు. పరీక్ష ఒక్కటే, వెనక్కి తిప్పడం. జాంధానీలో ఒక్కో బుటాకి విడిగా చిన్న కండెతో చేత్తో దారం దూర్చి, బుటా అంచులోనే వెనక్కి మళ్ళిస్తారు. అందుకే వెనకా ముందూ బొమ్మ ఒకేలా ఉంటుంది. జకార్డు (మగ్గానికి బిగించిన యంత్రంతో బొమ్మ తేల్చే నేత) నకలులో దారం ఒక బుటా నుంచి ఇంకో బుటాకి సాగుతుంది, కత్తిరించాక వెనక కుచ్చులు మిగులుతాయి. పట్టయితే సిల్క్ మార్క్ లేబులు అడగండి. జరీ ఉన్నదాన్ని పెట్టెలో గట్టిగా నొక్కి మడవకండి, మడత దగ్గర విరుగుతుంది. చుట్టండి.

ఖర్చు తగ్గించాలనుకుంటే అమలాపురం పక్కనే బండారులంక నూలు నేత ఉంది.

కొబ్బరిపీచు:
వెళ్ళేది ఆస్ట్రేలియా కాబట్టి: పీచు డోర్‌మ్యాట్లు, కొబ్బరిచిప్ప బొమ్మలు, కర్ర వస్తువులు, గవ్వల దండలు అన్నీ అరైవల్ కార్డులో డిక్లేర్ చెయ్యాలి. పూతరేకులైనా అంతే. చెప్తే పోయేది మహా అయితే వస్తువు, చెప్పకపోతే జరిమానా. పీచులో మట్టి, పురుగు కనబడితే కష్టం. లేసుకీ, ఉతికిన నూలుకీ ఆ గొడవ లేదు.

లంక అల్లుడు:
బాగా తేలిందండి. డాయిలీలు పన్నెండు, దుపట్టాలు రెండు. పూతరేకులు ఇక్కడే తినేసి వెళ్తాం.