జపాన్ నుంచి అమెరికాకు చేజర్ కారు వస్తోంది, తయారీ నెలకు రుజువు అడుగుతున్నారు. ఎక్కడ దొరుకుతుంది?

బెజవాడ టర్బో:
సాయంత్రం నుంచి ఇదే పని మీద కూర్చున్నాను, బుర్ర పనిచేయట్లేదు. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

జపాన్‌లో ఒక బ్రోకర్ ద్వారా వేలంలో టయోటా చేజర్ కొన్నాను. జెజెడ్‌ఎక్స్100 టూరర్ వి, మాన్యువల్, తెలుపు. డబ్బు మొత్తం పంపేశాను. ఈ నెలాఖరుకు నగోయాలో ఓడ ఎక్కిస్తామన్నారు. తీరా ఇప్పుడు ఇక్కడి కస్టమ్స్ బ్రోకర్ ఆవిడ ‘తయారీ తేదీకి కాగితం కావాలి’ అంటున్నారు. జపాన్ బ్రోకర్‌ని అడిగితే ‘2001 బండి, 25 ఏళ్లు నిండాయి, టెన్షన్ పడొద్దు’ అని అదే మాట. జపాన్ ఎగుమతి సర్టిఫికెట్ పంపాడు కానీ అందులో తయారీ తేదీ అనే గడే లేదు. టయోటా అమెరికా కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, ఈ ఫ్రేమ్ నంబర్‌లో (బండి గుర్తింపు నంబర్) 17 అక్షరాలు లేవు, మా సిస్టమ్ తీసుకోదు అన్నారు.

ఆ కాగితం ఎవరిస్తారు? అంతే నాకు కావలసింది.

హ్యూస్టన్ గ్యారేజ్:
ముందు వేలం షీట్ (వేలంవాళ్లు బండి చూసి స్థితి రాసిన కాగితం) పెట్టండి తమ్ముడూ. తయారీ నెల సంగతి తర్వాత చూద్దాం, అసలు ఏం కొన్నారో తెలియాలి. గ్రేడ్ 4 అని బ్రోకర్ చెప్పాడని సరిపెట్టుకుంటే కుదరదు. గ్రేడ్ పక్కన కారు బొమ్మ ఉంటుంది, దాని మీద చిన్న చిన్న అక్షరాలు. ఏ అంటే గీత, యు అంటే సొట్ట, ఎస్ అంటే తుప్పు, డబ్ల్యూ అంటే డెంటింగ్ పెయింటింగ్ జరిగిన చోటు, ఎక్స్‌ఎక్స్ అంటే ఆ భాగం మొత్తం మార్చేశారని. పక్కన అంకె పెరిగేకొద్దీ దెబ్బ పెద్దదని అర్థం. గ్రేడ్ చోట ఆర్ లేదా ఆర్‌ఏ ఉంటే ప్రమాదం జరిగి రిపేరు చేసిన బండి.

ఇంకోటి. మాన్యువల్ అన్నారు. చేజర్లలో ఆటోమేటిక్‌గా పుట్టి తర్వాత మాన్యువల్‌గా మారినవి చాలా ఉన్నాయి. బానెట్ ఎత్తితే టయోటా ప్లేట్ ఉంటుంది. మోడల్, ఇంజన్, ఫ్రేమ్ నంబర్, రంగు, గేర్‌బాక్స్ అన్నీ అందులోనే. గేర్‌బాక్స్ గడిలో ఆర్154 అని ఉంటే ఫ్యాక్టరీ మాన్యువల్. ఏ341ఈ అని ఉంటే మార్చిన బండి. మార్చడం తప్పని అనను. పని ఎవరు చేశారు, క్లచ్ పెడల్ బ్రాకెట్ ఎలా బిగించారు, స్పీడోమీటర్ సరిగా చూపిస్తోందా, ఇవన్నీ ధరలో కనిపించాలి. ఫ్యాక్టరీ మాన్యువల్ ధర పెట్టి మార్చిన బండి తెచ్చుకున్నవాళ్లను చూశాను, బాధేస్తుంది.

ఒక్క ముక్క:
మొదటి రిజిస్ట్రేషన్ ఏ నెల?

బెజవాడ టర్బో:
@హ్యూస్టన్ గ్యారేజ్ అన్నా, షీట్ చూశాను. గ్రేడ్ 4, ఇంటీరియర్ బి. ఎడమవైపు వెనక డోరు మీద డబ్ల్యూ1, బంపర్ మీద ఏ2. ప్లేట్ ఫోటో లేదు, అడుగుతాను. నా ప్రశ్న మాత్రం అది కాదు.
@ఒక్క ముక్క హెయ్‌సెయ్ 13, 5వ నెల.

ఒక్క ముక్క:
అంటే 2001 మే. ఓడ ఎప్పుడు దిగుతుంది?

బెజవాడ టర్బో:
ఏప్రిల్ మూడో వారం అన్నారు.

ఒక్క ముక్క:
ఎక్కించనివ్వకండి.

బెజవాడ టర్బో:
ఎందుకు? 2001 బండే కదా, ఇది 2026. 25 అయినట్టే కదా?

అట్లాంటా బాబాయ్:
ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు, నేను విప్పి చెప్తాను.

పాత విదేశీ బండ్లకు భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపునిచ్చే 25 ఏళ్ల నియమం మోడల్ సంవత్సరం మీద లెక్కించరు బాబూ. బండి తయారైన తేదీ నుంచి లెక్క. అమెరికాలో దిగే రోజుకు 25 ఏళ్లు నిండి ఉండాలి. ఒక నెల తక్కువైనా అది మామూలు విదేశీ బండే. మన భద్రతా ప్రమాణాలకు సరిపోలేదు కాబట్టి లోపలికి రానివ్వరు. తిప్పి పంపాల్సి రావచ్చు, మొత్తానికే పోవచ్చు. హెచ్‌ఎస్-7 ఫారం (భద్రతా ప్రమాణాల గురించి దిగుమతిదారు ఇచ్చే ప్రకటన) మీద ‘25 ఏళ్లు దాటింది’ అనే గడిలో టిక్ పెట్టి సంతకం చేసేది మీరు. జపాన్‌లో కూర్చున్న ఆయన కాదు.

తయారీ తేదీ కాగితం లేకపోయినా దారి ఉంది. 25 ఏళ్ల కిందటే రిజిస్టర్ అయినట్టు చూపించే పత్రాన్ని జాతీయ రహదారి భద్రతా సంస్థ వాళ్లు ఒప్పుకుంటారు. రిజిస్టర్ అయిందంటే అంతకుముందే తయారైంది కదా, అందుకని. మీ సర్టిఫికెట్‌లో మే అని ఉంది. కాబట్టి 2026 మే నెల పూర్తిగా గడిచాక బండి దిగితే, ఇప్పుడు మీ చేతిలో ఉన్న కాగితమే చాలు. ఏప్రిల్‌లో దిగితేనే అదనపు రుజువు కావాలి. ఆవిడ అడుగుతున్నది అందుకే. ఆవిడ మీ మంచి కోరే అడుగుతున్నారు, ఆవిడ మీద కోప్పడకండి.

సియాటెల్ ఓరుగల్లు:
సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చూడమనండి. అడుగున కుట్టిన చిన్న లేబుల్ మీద తేదీ ఉంటుంది. నా స్కైలైన్‌కి నేను అదే ఫోటో తీయించాను.

అట్లాంటా బాబాయ్:
ఆ తేదీ బెల్టుది, బండిది కాదు. బెల్టు 2001 ఫిబ్రవరిలో తయారైందంటే బండి ఆ తర్వాతే తయారైందని తెలుస్తుంది. ఈ అబ్బాయికి కావలసింది ‘ఫలానా తేదీకి ముందే తయారైంది’ అనే రుజువు. ఇది దానికి సరిగ్గా తిరగేసిన రుజువు. అడిగితే చూపించడానికి పనికొస్తుందేమో గానీ దాని మీద ఆధారపడి ఓడ ఎక్కించకూడదు.

ఫ్రేమ్ నంబర్ ఇస్తే విడిభాగాల కేటలాగ్‌లో తయారీ నెల కనిపిస్తుంది. అది వాడుకోవచ్చు. కానీ ముందు ఆ కాగితం కస్టమ్స్ బ్రోకర్‌కి పంపి ‘ఇది సరిపోతుంది’ అని మెయిల్‌లో రాయించుకోండి.

సియాటెల్ ఓరుగల్లు:
సరే, మంచి మాట. నాది రిజిస్ట్రేషన్ నెల దాటాకే వచ్చింది, అందుకే ఎవరూ అడగలేదేమో.

టూరర్ వి అభిమాని:
చేజర్ పేరు చూసి ఆగలేకపోయాను. ఇంజన్ 1జెజెడ్-జిటిఈ వివిటి-ఐ, 2.5 లీటర్లు, ఆరు సిలిండర్లు ఒకే వరుసలో, 280 హార్స్‌పవర్. నాలుగు డోర్లు, వెనక పిల్లల సీటు పడుతుంది. ఇంతకంటే మంచి ఇంటి బండి లేదు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కనుక్కోండి. జపాన్‌లో లక్ష కిలోమీటర్లకు మార్చాలని లెక్క. మార్చితే స్టిక్కర్ అతికిస్తారు. స్టిక్కర్ లేకపోతే మార్చలేదనుకొనే వాటర్ పంపుతో కలిపి చేయించండి.

హ్యూస్టన్ గ్యారేజ్:
280 పిఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) అది. అమెరికా హార్స్‌పవర్‌లో 276.

టూరర్ వి అభిమాని:
కాగితం మీద 280. జపాన్ కంపెనీలన్నీ అంతకు మించి చూపకూడదని 1989 నుంచి 2004 దాకా మాట మీద ఉన్నాయి కాబట్టి ఆ రోజుల్లో గొప్ప బండ్లన్నిటికీ అదే అంకె. అసలు శక్తి ఎంతో డైనో (శక్తి కొలిచే యంత్రం) మీద పెడితేనే తెలుస్తుంది.

హ్యూస్టన్ గ్యారేజ్:
కరెక్టే, కానీ యూనిట్ యూనిట్టే. కొనేవాళ్లకు సరిగా చెప్పాలి.

కృష్ణా లంక:
అన్నలూ, ఆయన డబ్బు ఇరుక్కుపోయి ఉంది. ఆ చర్చ ఇంకో పోస్టులో పెట్టుకోండి.

బెజవాడ గారూ, ఇంజన్ స్టాకేనా, అంటే ఫ్యాక్టరీలో వచ్చినట్టే ఉందా? పెద్ద టర్బో గానీ, బయటి కంప్యూటర్ గానీ పెట్టారా? పర్యావరణ శాఖ వాళ్ల ఫారం 3520-1 ఇంకోటి ఉంది. అందులో 21 ఏళ్లు దాటిన బండ్లకు మినహాయింపు ఉంది కానీ ఇంజన్ అసలు స్థితిలో ఉండాలన్న షరతు కూడా ఉంది. వయసు ఒక్కటే చూసుకుంటే చాలదు.

బెజవాడ టర్బో:
ఎగ్జాస్ట్, కాయిల్‌ఓవర్లు (సస్పెన్షన్ స్ప్రింగులు) మార్చారు. ఇంజన్ స్టాక్ అని షీట్‌లో ఉంది. బ్రోకర్ ఇవేవీ చెప్పలేదు. నేను అతనికి కమిషన్ ఇచ్చిందే ఇవన్నీ చూసుకోమని.

అట్లాంటా బాబాయ్:
ఇక్కడ అందరూ బ్రోకర్ బ్రోకర్ అంటున్నారు, ఎవరి బాధ్యత ఎంతవరకో స్పష్టం చేసుకోవాలి. మీరు డబ్బు పంపినాయన వేలంలో మీ తరఫున పాడి, రేవు దాకా చేర్చి, ఓడ ఎక్కించే మనిషి. ఎగుమతిదారు. అమెరికా చట్టం అతని మీద పనిచేయదు. ఇక్కడి కస్టమ్స్ బ్రోకర్‌కి ప్రభుత్వ లైసెన్సు ఉంటుంది, మీరిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ మీద పనిచేస్తారు. దిగుమతిదారు మాత్రం మీరే. కాగితాల్లో ఏది తేడా వచ్చినా నోటీసు మీ ఇంటికే.

హ్యూస్టన్ గ్యారేజ్:
అలా అని జపాన్ ఆయనను వదిలేయాలా? కమిషన్ తీసుకున్నవాడు అర్హత చూడాలి. మంచి ఏజెంట్లు నెల నిండకపోతే అసలు వేలమే పాడరు.

అట్లాంటా బాబాయ్:
చూడాలి, కాదనను. ఒప్పందంలో రాసుందా అన్నదే ప్రశ్న. రాసి లేకపోతే అడగడానికి పట్టు ఉండదు.

కృష్ణా లంక:
ఏ రేవుకి వస్తోంది? ఏ రాష్ట్రంలో రిజిస్టర్ చేస్తారు? ఇంతసేపూ ఎవరూ అడగలేదు.

బెజవాడ టర్బో:
లాంగ్ బీచ్‌కి. నేనుండేది ఇర్విన్ కదా, కాలిఫోర్నియాలోనే.

ఒక్క ముక్క:
కార్బ్.

కృష్ణా లంక:
అయ్యో. ఇది ముందే చెప్పాల్సిందండీ. ఫెడరల్ నియమం దాటినంత మాత్రాన కాలిఫోర్నియాలో ప్లేట్లు రావు. అక్కడి గాలి నాణ్యత బోర్డుకు (కార్బ్ అంటే అదే) వాళ్ల నియమాలు వేరు. అమెరికా మార్కెట్ కోసం తయారు కాని 2001 బండికి అక్కడ 25 ఏళ్ల మినహాయింపు లేదు. బోర్డు గుర్తించిన ల్యాబ్‌లో బండి పెట్టి, వాళ్ల ప్రమాణాలకు తగ్గట్టు మార్పులు చేయించి, పరీక్ష పాసై, సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే మోటారు వాహనాల ఆఫీసులో రిజిస్ట్రేషన్. ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. టర్బో బండ్లకు ఇంకా కష్టం. టెక్సాస్ వాళ్లూ జార్జియా వాళ్లూ ఇక్కడ చెప్పినవన్నీ దేశంలోకి రావడం గురించి. మీ వీధిలో నడపడం వేరే సంగతి.

సాన్ హోసే సీనియర్:
7,500 మైళ్లు దాటిన బండికి ఆ గొడవ లేదు. నేను నెవాడా నుంచి తెచ్చిన కారుకి అలాగే అయింది.

కృష్ణా లంక:
సార్, మీరు తెచ్చింది అమెరికాలో అమ్మడానికి తయారైన కారు. ఫెడరల్ ఉద్గార ప్రమాణాల స్టిక్కర్ బానెట్ కింద ఉంటుంది. 7,500 మైళ్ల నియమం అలాంటి వాటికి. జపాన్ కోసం తయారైన బండికి ఆ స్టిక్కరే ఉండదు. ఓడోమీటర్ మీద లక్ష మైళ్లున్నా లాభం లేదు.

సాన్ హోసే సీనియర్:
నాకు ఆఫీసులో చెప్పిందే చెప్పాను.

సియాటెల్ ఓరుగల్లు:
మోంటానాలో ఎల్‌ఎల్‌సీ (చిన్న కంపెనీ) పెట్టి దాని పేరున రిజిస్టర్ చేయండి బ్రో. అమ్మకపు పన్ను కూడా ఉండదు. కాలిఫోర్నియాలో ఆ ప్లేట్లతో చాలామంది తిరుగుతున్నారు.

అట్లాంటా బాబాయ్:
దయచేసి ఆ సలహా ఇవ్వకండి. ఇర్విన్‌లో ఇల్లు, ఇర్విన్‌లో ఉద్యోగం, రోజూ ఇర్విన్‌లో నడిపే బండి. దానికి మోంటానా ప్లేట్ అంటే పన్ను ఎగవేత కింద చూస్తారు. పట్టుకుంటే బకాయి పన్ను, దాని మీద జరిమానా. పైగా ప్రమాదం జరిగిన రోజు ‘బండి ఎక్కడ ఉంచుతున్నారు’ అని బీమా వాళ్లు అడుగుతారు. అప్పుడు అబద్ధం చెప్పాలి. ఈ అబ్బాయి వీసా మీద ఉంటే అలాంటి కేసు ఇంకా ప్రమాదం.

సియాటెల్ ఓరుగల్లు:
వీసా సంగతి నేను ఆలోచించలేదు. ఆ మాట నిజమే.

హ్యూస్టన్ గ్యారేజ్:
తమ్ముడూ, నా మాట విను. ఈ రోజే మెయిల్ పెట్టి ఓడ ఆపించు. యార్డులో ఉంచినందుకు అద్దె అడుగుతారు, ఇచ్చేయ్. ఆ వ్యవధిలో ప్లేట్ ఫోటో, ఇంజన్ గది ఫోటోలు తెప్పించు. కాలిఫోర్నియా ల్యాబ్‌తో మాట్లాడి ఎంతవుతుందో కనుక్కో. లెక్క కుదరకపోతే జపాన్‌లోనే మళ్లీ వేలంలో పెట్టించు. చేజర్లకు అక్కడ గిరాకీ ఉంది, కొంత పోయినా చాలావరకు తిరిగొస్తుంది. ఒకసారి ఓడ ఎక్కితే నీ చేతిలో ఏమీ ఉండదు. ఐఎస్‌ఎఫ్ (సరుకు వివరాలు ముందుగా అమెరికా కస్టమ్స్‌కి పంపే పత్రం) కూడా ఎక్కించకముందే వెళ్లాలి, అది వెళ్లిందో లేదో కస్టమ్స్ బ్రోకర్ ఆవిడను అడుగు. సుంకం ఎంతో కూడా ఆవిడతోనే రాయించుకో. 2025 నుంచి రేట్లు మారుతున్నాయి, పాత పోస్టుల్లో లెక్కలు నమ్మకు.

టూరర్ వి అభిమాని:
అమ్మొద్దు, ప్లీజ్. ఆ రాష్ట్రంలో కుదరకపోతే వేరే రాష్ట్రంలో ఉన్న అభిమానికి అమ్మండి. మే దాటాక నేనైనా మాట్లాడతాను, నేను నార్త్ కరోలినాలో ఉంటాను.

బెజవాడ టర్బో:
ఓడ ఆపమని ఇద్దరికీ మెయిల్ పెట్టాను. జపాన్‌లో ఇప్పుడు పగలే కాబట్టి జవాబు వెంటనే వచ్చింది. యార్డు అద్దె కట్టాలట, జూన్ ఓడలో చోటు చూస్తానన్నాడు. ప్లేట్ ఫోటో కూడా పంపాడు, ఆర్154 అనే ఉంది. ల్యాబ్‌కి సోమవారం ఫోన్ చేస్తాను. థాంక్స్ అందరికీ.

హ్యూస్టన్ గ్యారేజ్:
ఆర్154! చాలా సంతోషం. ల్యాబ్ వాళ్లు ఎంత చెప్పారో ఇక్కడ రాయి, మిగతావాళ్లకు పనికొస్తుంది.

కృష్ణా లంక:
అవును, అంకె తప్పకుండా రాయండి. కాలిఫోర్నియా మనవాళ్లు చాలామంది అడుగుతుంటారు.

సాన్ హోసే సీనియర్:
చిన్న సుజుకి ట్రక్కులకు కూడా ఇదే వర్తిస్తుందా? మా అల్లుడు ఫ్రెస్నో దగ్గర తోటలోకి ఒకటి తీసుకుందామంటున్నాడు. రోడ్డెక్కించడు, తోటలోనే తిప్పుకుంటాడు.

ఒక్క ముక్క:
కొత్త పోస్టు పెట్టండి.